ఎదిగిన పెంపుడు కుక్క తీరు ఉన్నట్టుండి మారితే: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండేళ్లు దాటి, ఇంటి పద్ధతులకు అలవాటుపడి, చాలాకాలంగా ఒకే తీరున మెలిగిన కుక్క కొద్ది రోజుల్లోనో, ఒక్కోసారి కొద్ది గంటల్లోనో పూర్తిగా మారిపోయినప్పుడు దాన్ని పెంచేవారికి కలిగే సందేహాలకు ఇవి సమాధానాలు. పిల్లదశలోనూ, యుక్తవయసులోనూ కనిపించే అల్లరి వేరే విషయం కనుక దాన్ని ఇక్కడ చర్చించలేదు.

ఏ మార్పును పట్టించుకోవాలి? దేన్ని వదిలేయవచ్చు?

ఒక పూట తిండి మానడం, ఒక రోజంతా మందకొడిగా పడుకోవడం ఆరోగ్యంగా ఉన్న కుక్కలోనూ ఉంటాయి. మర్నాటికి మామూలుగా తింటూ, తాగుతూ, తిరుగుతూ ఉంటే కంగారు పడనక్కరలేదు. రెండు మూడు రోజులు దాటినా తగ్గని మార్పును, తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ వచ్చే మార్పును మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. కుక్క స్వభావం సాధారణంగా మూడేళ్ల వయసు వచ్చేసరికి కుదురుకుంటుంది. ఆ తర్వాత అది ఊరికే మారదు. కారణం దాని ఒంట్లో ఉండవచ్చు, ఇంట్లో ఉండవచ్చు, రెండు చోట్లా ఉండవచ్చు.

మార్పు అంటే కోపమో భయమో మాత్రమే కాదు. రోజూ గుమ్మం దాకా ఎదురొచ్చే కుక్క పడుకున్న చోటి నుంచే తోక ఆడించి ఊరుకోవడం, ఎప్పుడూ ఎడంగా ఉండేది ఒక్కసారిగా కాళ్లకు చుట్టుకుని తిరగడం కూడా మార్పులే. మంచిగా కనిపించే మార్పును చాలామంది అసలు గమనించరు. అల్లరి కుక్క నెమ్మదించిందని, ఇన్నాళ్లకు బుద్ధి వచ్చిందని మురిసిపోతారు గానీ, ఐదేళ్ల కుక్క కారణం లేకుండా నెమ్మదించదు.

ముందు పశువైద్యుడికి చూపించాలా, శిక్షకుడికి చూపించాలా?

పశువైద్యుడికే. ఈ విషయంలో మరో అభిప్రాయానికి తావులేదని నేననుకుంటాను. 2020లో ప్రచురితమైన ఒక శాస్త్రీయ సమీక్షలో, ప్రవర్తనా సమస్యలతో నిపుణుల దగ్గరికి వచ్చిన కుక్కలు, పిల్లుల్లో తక్కువలో తక్కువ మూడో వంతు వాటికి ఏదో ఒక నొప్పి ఉందని, కొందరు నిపుణులు చూసిన కేసుల్లో ఈ లెక్క 80 శాతం దాకా వెళ్లిందని తేలింది. పైకి మొండితనంగా, తిక్కగా, అసూయగా కనిపించేదాని అడుగున తుంటి నొప్పో, పంటి నొప్పో ఉంటే ఎంత గొప్ప శిక్షణ ఇచ్చినా ఫలితం ఉండదు; పైగా నొప్పితో ఉన్న జంతువును మరింత ఇబ్బంది పెట్టినట్టవుతుంది. మంచి శిక్షకులు కూడా ఇలాంటి కుక్కను చూడగానే వైద్య పరీక్ష చేయించారా అనే మొదట అడుగుతారు. అలా అడగకుండా నేరుగా శిక్షణ మొదలుపెట్టేవారి విషయంలో కొంచెం ఆలోచించుకోవడం మంచిది.

నొప్పి ఉంటే కుంటాలి, మూలగాలి కదా? మా కుక్క అలాంటిదేమీ చేయడం లేదు.

చాలా కుక్కలు అలా చేయవు. గాయం తగిలిన క్షణంలో కుయ్యోమని అరిచే కుక్క కూడా నెలల తరబడి ఉండే నొప్పిని బయటపెట్టదు. దానికి తగ్గట్టు తన దినచర్యనే మార్చుకుంటుంది. అందుచేత నొప్పి ఆనవాళ్లను అరుపుల్లో కాక చిన్న చిన్న పనుల్లో వెతకాలి.

సోఫా మీదికి ఒక్క గెంతులో ఎక్కే కుక్క ఇప్పుడు దాని ముందు ఆగి, ముందు కాళ్లు పైన పెట్టి, ఒక క్షణం తటపటాయించి, ఆ తర్వాత వెనక భాగాన్ని ఈడ్చుకుంటూ ఎక్కుతోందంటే తుంటిలోనో, మోకాలిలోనో, వెన్నులోనో ఇబ్బంది ఉన్నట్టు అనుమానించాలి. కూర్చునేటప్పుడు రెండు తొడలనూ సమంగా మడవకుండా ఒక కాలిని పక్కకు చాపడం, మూత్ర విసర్జనకు కాలు ఎత్తే పక్కను మార్చుకోవడం, మెట్ల దగ్గర మీరు ముందు వెళ్లేదాకా వేచి ఉండటం, పడుకున్న పది నిమిషాలకే లేచి చోటు మార్చడం కూడా ఇలాంటి ఆనవాళ్లే. వీపు మీద నెమ్మదిగా చేయి వేసి మెడ నుంచి తోక దాకా నిమురుతూ వస్తే, ఒక చోట చర్మం చిన్నగా అదురుతుంది, లేదా కుక్క తల తిప్పి మీ చేతిని చూస్తుంది, లేదా అంతవరకూ రొప్పుతున్నది ఒక్కసారిగా నోరు మూస్తుంది. ఆ చోటును గుర్తుపెట్టుకుని వైద్యుడికి చూపించండి. మీరే మళ్లీ మళ్లీ నొక్కి పరీక్షించవద్దు.

పంటి నొప్పి తీరు వేరు. ఆకలితో గిన్నె దగ్గరికి పరుగున వస్తుంది, ఒక పలుకు నోట పట్టి కింద వదిలేస్తుంది, మళ్లీ పట్టి ఒక పక్కనే నములుతుంది, ఆ తర్వాత వెళ్లిపోతుంది. చూసేవారు తిండి నచ్చలేదనుకుని మార్చేస్తారు. మెత్తని తిండి పెట్టగానే తినడంతో ఆ నమ్మకం బలపడుతుంది. గార పట్టిన పళ్ల వెనక విరిగిన పన్నో, చీము పట్టిన పంటి మూలమో ఉండవచ్చు. పెదవిని పైకెత్తి చూసినంత మాత్రాన ఇది తెలియదు. చాలాసార్లు మత్తు ఇచ్చి ఎక్స్‌రే తీయవలసి వస్తుంది.

చెవిపోటు ఉన్న కుక్క తల విదిలిస్తుంది, చెవి తట్టుకుంటుంది. మెడపట్టీ పట్టుకోబోతే కరవబోతుంది. నిన్నటిదాకా తల నిమరమని చెయ్యి కిందికి దూరిన కుక్క ఇవాళ తల తప్పించుకుంటే మొదట చెవుల లోపల చూడాలి, వాసన చూడాలి.

ఏనాడూ గుర్రుమనని కుక్క ఇంట్లోవాళ్ల మీదే గుర్రుమంటోంది. గదమాయించాలా?

వద్దు. గుర్రుమనడం కరవడానికి ముందు అది ఇచ్చే హెచ్చరిక. దాన్ని దండించి అణిచేస్తే కుక్క బాధ పోదు, హెచ్చరిక మాత్రం పోతుంది. ఆ తర్వాత అది చెప్పకుండా కరుస్తుంది. ‘ఏ సంకేతమూ లేకుండా కరిచింది’ అని చెప్పే ఉదంతాలను తరచి చూస్తే, చాలావాటిలో అంతకుముందు గుర్రుమన్నందుకు తిట్లో దెబ్బలో తిన్న చరిత్ర కనిపిస్తుంది.

దండన మరో విధంగానూ బెడిసికొడుతుంది. 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో, ప్రవర్తన చికిత్సకు వచ్చిన కుక్కల యజమానులను వారు అంతకుముందు ఏయే పద్ధతులు వాడారో అడిగారు. కుక్కను కొట్టినవారిలో, తన్నినవారిలో 43 శాతం మందికి, బలవంతంగా వెల్లకిలా పడదోసి అదిమిపెట్టినవారిలో 31 శాతం మందికి కుక్క నుంచి దాడి రూపంలోనే జవాబు వచ్చింది. కుక్క ఇంట్లో పెత్తనం కోసం పోటీ పడుతోందని, కనుక దానికి ‘నాయకుడెవరో చూపించాలి’ అని చెప్పే సలహా ఇంకా తిరుగుతూనే ఉంది. ఏళ్ల తరబడి కలిసి బతికిన కుక్క ఒక మంగళవారం ఉదయం లేచి పెత్తనం కోరుకుందనడం కన్నా, దానికి ఎక్కడో నొప్పిగా ఉందనడం ఎంతో నమ్మదగిన మాట.

అది గుర్రుమన్న క్షణంలో మీరు చేయవలసింది ఒక్కటే: చేస్తున్న పని ఆపి, చూపు పక్కకు తిప్పి, నెమ్మదిగా దూరం జరగాలి. తర్వాత ఆ సందర్భాన్ని రాసుకోవాలి. ఎక్కడ పడుకుని ఉంది, ఎవరు దగ్గరికి వచ్చారు, ఒంట్లో ఏ భాగాన్ని తాకారు, దగ్గర తిండిగానీ బొమ్మగానీ ఉందా అన్నవి వైద్యుడికి చాలా ఉపయోగపడతాయి. కారణం తేలేదాకా పిల్లలను, వృద్ధులను దానితో ఒంటరిగా వదలకూడదు. మధ్యలో మూసిన తలుపో, అడ్డుగేటో ఉండాలి. ఇంట్లో ఎంత ముద్దుగా పెరిగిన కుక్క అయినా ఇందులో మినహాయింపు ఉండకూడదు.

రేబిస్ అని ఎప్పుడు అనుమానించాలి?

తీరు ఒక్కసారిగా మారిన కుక్క విషయంలో ఈ ప్రశ్న తప్పనిసరిగా వేసుకోవాలి, ముఖ్యంగా టీకా వేయించని కుక్కయితే, టీకా గడువు దాటిపోతే, లేదా గడచిన కొన్ని నెలల్లో మరో జంతువు కరిచి ఉంటే. వైరస్ ఒంట్లో ప్రవేశించాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది కనుక ఆ కాటు సంగతి అప్పటికి మరచిపోయి ఉండవచ్చు. అరుపు బొంగురుపోవడం, కింది దవడ వేలాడటం, మింగలేక చొంగ కార్చడం, కనిపించిన వస్తువునల్లా కొరకడం, వెనక కాళ్లు తూలడం, చీకటి మూలలకు చేరడం అనుమానాన్ని బలపరుస్తాయి. అన్ని కుక్కలూ రెచ్చిపోవు. కొన్ని కేవలం మౌనంగా, మత్తుగా మారి పక్షవాతంలోకి జారిపోతాయి. నోట్లో ఎముక ఇరుక్కుందేమోనని అలాంటి కుక్క గొంతులో చేయి పెట్టడం మహా ప్రమాదం.

లక్షణాలు బయటపడిన కుక్క సాధారణంగా పది రోజుల్లోపే మరణిస్తుంది; దీనికి చికిత్స లేదు. కుక్క కరిచినా, దాని లాలాజలం గాయానికి తగిలినా ఆ చోటును వెంటనే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. ఆ తర్వాత ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి టీకా విషయం తేల్చుకోవాలి. ఆరోగ్యంగా కనిపించే కుక్కను 10 రోజుల పాటు గమనించే పద్ధతి ఉన్న మాట నిజమే గానీ, ఆ 10 రోజులూ చికిత్స మొదలుపెట్టకుండా ఆగవచ్చా లేదా అన్నది వైద్యుడు నిర్ణయించవలసిన విషయం, మనం కాదు.

ఏ లక్షణాలు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు?

వాంతి చేసుకోవాలని పదే పదే ప్రయత్నిస్తున్నా ఏమీ రాకపోవడం, పొట్ట ఉబ్బి బిగుసుకోవడం, కుక్క నిలవలేక అటూ ఇటూ తిరగడం పొట్ట మెలిపడిందనడానికి గుర్తులు. ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతి కుక్కల్లో ఇది ఎక్కువ, గంటల్లో ప్రాణం తీస్తుంది. ఐదు నిమిషాలు దాటినా ఆగని మూర్ఛ, ఒకే రోజులో రెండు లేదా అంతకన్నా ఎక్కువ మూర్ఛలు, తలను గోడకు ఆనించి నొక్కుతూ నిలబడటం, ఒకే వైపు గిరగిరా తిరగడం, హఠాత్తుగా చూపు పోవడం, వెనక కాళ్లు పడిపోవడం, మూత్రం కోసం ముక్కుతున్నా చుక్క రాకపోవడం, చిగుళ్లు తెల్లబడటం కూడా అత్యవసరాలే. నిద్రలో ఉన్న కుక్క ఊపిరి నిమిషానికి 30 సార్లు దాటుతూ ఉంటే గుండెనో ఊపిరితిత్తులనో అనుమానించాలి.

ఆరోగ్యంగా ఉన్న కుక్క కొద్ది గంటల్లో తూలుతూ, వణుకుతూ, అయోమయంగా మారితే విషం సంగతి మరవవద్దు. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్, చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, గంజాయి, మనుషులు వాడే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు, నత్తలను చంపే మందులు, పురుగుమందులు కుక్కకు హాని చేస్తాయి. ఏదైనా తిన్నదని అనుమానం ఉంటే దాని డబ్బానో, మిగిలిన ముక్కనో వెంట తీసుకెళ్లాలి. ఇంట్లోనే ఉప్పునీళ్లు పోసి వాంతి చేయించడం అసలు విషానికి మరొకటి జోడించడమే అవుతుంది.

బయటికి వెళ్లడం అలవాటైన కుక్క ఇంట్లోనే మూత్రం పోస్తోంది. కసితో చేస్తోందా?

కసితో మూత్రం పోయడం కుక్కల స్వభావంలో లేదు. మొదట దాని నీళ్లు కొలవండి. ఉదయం కొలిచి పోసి, మర్నాటి ఉదయం మిగిలినవి కొలిచి, ఒలికిపోయినవి తీసేసి లెక్క చూస్తే, ఒక రోజులో శరీర బరువు కిలోకు 100 మిల్లీలీటర్లు దాటి తాగుతోందంటే అది రోగ లక్షణమే. 20 కిలోల కుక్కకు రెండు లీటర్లన్నమాట. మధుమేహం, మూత్రపిండాల జబ్బు, అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను అతిగా విడుదల చేసే కుషింగ్ వ్యాధి, ఆడకుక్కల్లో గర్భాశయంలో చీము పట్టడం ఇలాగే బయటపడతాయి. నీళ్లు మామూలుగానే తాగుతూ, కొంచెం కొంచెంగా మాటిమాటికీ పోస్తుంటే మూత్రాశయంలో ఇన్ఫెక్షనో, రాయో ఉండవచ్చు. పడుకున్న చోట తెలియకుండా తడి అవుతుంటే మూత్రద్వారం పట్టు సడలిందనుకోవాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన ఆడకుక్కల్లో ఇది తరచుగా కనిపిస్తుంది, మందులకు బాగా లొంగుతుంది.

నీళ్లు ఎక్కువ తాగుతోందని గిన్నె తీసేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

ఇన్నాళ్లూ లేని చప్పుళ్ల భయం ఐదో ఏటో, ఆరో ఏటో ఎందుకు మొదలవుతుంది?

ఉరుములు, పేలుళ్ల భయం చాలా కుక్కల్లో చిన్న వయసులోనే మొదలవుతుంది. నడి వయసులో కొత్తగా వచ్చిందంటే నొప్పిని వెతకాలి. 2018లో చప్పుళ్లకు భయపడే 20 కుక్కల మీద జరిగిన ఒక చిన్న అధ్యయనంలో, కండరాలు, కీళ్ల నొప్పి ఉన్న వాటికి ఆ భయం, నొప్పి లేని వాటికన్నా సగటున నాలుగేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు కనిపించింది. పెద్ద చప్పుడు వినగానే కుక్క ఒంటిని బిగదీస్తుంది. అప్పటికే వాచి ఉన్న కీలు ఆ బిగువుకు సలుపుతుంది. చప్పుడుకూ నొప్పికీ ముడిపడిపోతుంది. ఆ తర్వాత చప్పుడు విన్న చోటుకు వెళ్లడానికి, అక్కడ కనిపించిన కుక్కను చూడటానికి కూడా భయపడుతుంది. ఇరవై కుక్కలతో సూత్రాలు కట్టలేం గానీ, వైద్యుడిని అడగడానికి ఈ ఆధారం చాలు.

నిద్రలో తాకితే ఉలిక్కిపడి కరవబోతోంది.

వినికిడి తగ్గిందేమో చూడండి. అది అటు తిరిగి ఉన్నప్పుడు, నేల అదరకుండా, గాలి తగలకుండా వెనక నుంచి తాళం చెవులు ఆడించండి. చెవి కదలకపోతే అనుమానించవచ్చు. చూపు తగ్గిన కుక్క తెలిసిన ఇంట్లో మామూలుగానే తిరుగుతుంది, కుర్చీ చోటు మారిన రోజున గుద్దుకుంటుంది, సందెవేళ బయటికి రానంటుంది. నడి వయసు కుక్కల్లో కంటి వెనక ఉండే రెటీనా పొర హఠాత్తుగా క్షీణించే జబ్బు ఒకటుంది. అందులో నొప్పి ఉండదు, కొద్ది రోజుల్లోనే చూపు పోతుంది, చాలావాటికి అదే సమయంలో ఆకలీ దాహమూ పెరుగుతాయి. ఏ కారణమైనా సరే, నిద్రపోతున్న కుక్కను తాకి లేపకుండా దూరం నుంచి పేరు పెట్టి పిలవడం, చెవి వినపడకపోతే పడక దగ్గర నేలను కాలితో తట్టడం అలవాటు చేసుకోవాలి.

గాలిలో లేని ఈగలను పట్టబోతోంది, నేలను, గోడలను ఆపకుండా నాకుతోంది. పిచ్చి పట్టిందా?

ఇది రెండు దారుల్లో వెళ్లే ప్రశ్న. మెదడులో ఒక భాగానికే పరిమితమైన మూర్ఛలో కుక్క కింద పడదు, కాళ్లు కొట్టుకోదు. కొన్ని క్షణాల నుంచి రెండు మూడు నిమిషాల దాకా శూన్యంలోకి చూడటం, మొహంలో ఒక పక్క అదరడం, లేని ఈగలను కొరకబోవడం, కారణం లేకుండా భయపడి దాక్కోవడం కనిపిస్తాయి. ఆ సమయంలో పిలిస్తే పలకదు. అయిపోయాక కాసేపు అయోమయంగా తిరుగుతుంది. వేరే కారణం దొరకని మూర్ఛవ్యాధి ఎక్కువగా ఆరు నెలలకూ ఆరేళ్లకూ మధ్య మొదలవుతుంది. ఆ వయసు దాటాక తొలిసారి వస్తే మెదడులో కణితి వంటి కారణాల కోసం మరింత గట్టిగా వెతుకుతారు.

రెండో దారి పొట్ట. 2012లో వెలువడిన ఒక పరిశోధనలో నేలను, గోడలను అతిగా నాకే 19 కుక్కలను పరీక్షిస్తే 14 కుక్కలకు జీర్ణకోశంలో ఏదో ఒక జబ్బు బయటపడింది. చికిత్స చేశాక చాలావాటిలో నాకడం తగ్గింది. అలవాటని, మానసిక సమస్యని ముద్ర వేసే ముందు పొట్టను చూడాలనడానికి ఇంతకన్నా స్పష్టమైన కారణం అక్కరలేదు. తిన్న గంటా రెండు గంటలకు అయోమయం పెరుగుతుంటే కాలేయాన్నీ, పస్తున్నప్పుడు నీరసించి తూలుతుంటే రక్తంలో చక్కెరనూ చూడాలి. తిండి వేళకూ వింత ప్రవర్తనకూ మధ్య ఎన్ని గంటల ఎడం ఉందో రాసుకుంటే వైద్యుడి పని సగం తేలికవుతుంది.

వయసు మీద పడటం వల్ల కావచ్చు కదా?

కావచ్చు గానీ, అన్నిటినీ వయసు ఖాతాలో వేయడం ఈ రంగంలో చాలా ఎక్కువగా జరిగే పొరపాటు. వృద్ధాప్యంలో మతి మసకబారే జబ్బు కుక్కల్లో నిజంగానే ఉంది. తలుపు తెరుచుకునే వైపు కాక మడతబందుల వైపు నిలబడి ఎదురుచూడటం, మూలలో ఇరుక్కుని వెనక్కి రాలేకపోవడం, పగలు నిద్రపోయి రాత్రంతా తిరగడం, తెలిసిన మనిషిని తెలియనట్టు చూడటం, నేర్చిన పరిశుభ్రత మరవడం దాని గుర్తులు. అయితే ఇది నెలల మీద మెల్లగా ముదిరే జబ్బు. రాత్రికి రాత్రే వచ్చిన మార్పు దీనివల్ల వచ్చే అవకాశం తక్కువ.

ముసలి కుక్క ఒక ఉదయం తల ఒక పక్కకు వాలి, కళ్లు అటూ ఇటూ కొట్టుకుంటూ, నిలబడలేక పడిపోతుంటే ఇంట్లోవాళ్లు పక్షవాతమని గుండె జారిపోతారు. అది తరచుగా లోపలి చెవిలోని సమతూకం వ్యవస్థ దెబ్బతినడమే. వేరే కారణం లేకుంటే రెండు మూడు రోజుల్లో తేరుకోవడం మొదలై, రెండు మూడు వారాల్లో చాలావరకు కోలుకుంటుంది. కాబట్టి మొదటి రోజే దాని ఆయువు గురించి నిర్ణయాలు తీసుకోవద్దు.

ఆడకుక్క బొమ్మలను పోగు చేసుకుని ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు.

ఎదకు వచ్చి ఆరు నుంచి ఎనిమిది వారాలైందేమో లెక్క చూడండి. కడుపు నిలవకపోయినా పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోన్ ప్రభావంతో గూడు కట్టుకోవడం, చెప్పునో బొమ్మనో పిల్లలా కాపాడటం, పాలు పడటం జరుగుతాయి. సాధారణంగా రెండు మూడు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పొదుగు పిండవద్దు, పాలు ఇంకా పెరుగుతాయి. అయితే ఎద తర్వాత ఇదే కాలంలో దాహం, వాంతులు, నీరసం, దుర్వాసనతో స్రావం కనిపిస్తే అది గర్భాశయంలో చీము; ఒక్క రోజు కూడా ఆగకూడదు.

వాడుతున్న మందుల వల్ల తీరు మారుతుందా?

మారుతుంది, జనం అనుకునేదానికన్నా ఎక్కువగానే. దురదకు ఇచ్చే ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లతో ఆకలి, దాహం, రొప్పు పెరుగుతాయి. కొన్ని కుక్కలు చిరాకుగా మారి తిండి గిన్నె దగ్గర గుర్రుమంటాయి. మూర్ఛకు వాడే ఫినోబార్బిటాల్ మొదటి రెండు వారాల్లో మత్తునూ తూలునూ తెస్తుంది. మూత్రం ఆగడానికి ఇచ్చే ఫినైల్‌ప్రొపనోలమీన్ కొన్నిటిని నిలవనివ్వదు. పేలకూ పిడుదులకూ ఇచ్చే ఐసాక్సజొలిన్ తరగతి మాత్రలతో కొన్ని కుక్కల్లో వణుకు, తూలు, మూర్ఛలు రావచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. చాలా కుక్కలకు అవి సురక్షితమే గానీ మూర్ఛ చరిత్ర ఉంటే ముందే చెప్పాలి. అనుమానం వచ్చిందని మందును మీ అంతట మీరు ఆపవద్దు. స్టెరాయిడ్లను, మూర్ఛ మందులను హఠాత్తుగా ఆపడం వాటి దుష్ప్రభావాల కన్నా ప్రమాదకరం.

ఒంట్లో ఏమీ లేదు. ఇంట్లో ఏం చూడాలి?

మార్పు మొదలైన తేదీకి ముందు నెల రోజుల్లో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. ఇల్లు మారడం, పసిబిడ్డ రావడం, ఒకరు దూరం వెళ్లడం, పనివేళలు మారడం, పక్కన నిర్మాణం మొదలవడం, ఒక్కసారి జరిగి మీరు మరచిపోయిన భయానక సంఘటన వీటిలో ఏదైనా కావచ్చు. మీరు బయటికి వెళ్లినప్పుడే తలుపు గీకడం, ఊళ వేయడం జరుగుతుంటే ఫోన్ కెమెరా పెట్టి వెళ్లండి. ఒంటరితనం భరించలేని కుక్క సాధారణంగా మొదటి అరగంటలోనే గొడవ మొదలుపెడుతుంది. విసుగుతో చేసేది నిద్రపోయి లేచి తీరిగ్గా చేస్తుంది.

తోటి కుక్క చనిపోయాక మిగిలిన కుక్క మారడం కూడా మామూలే. 2022లో ఇటలీలో 426 మంది యజమానులను అడిగితే, 86 శాతం మంది తమ కుక్కలో ఏదో ఒక మార్పు చూశామన్నారు: వెంటపడి తిరగడం, ఆట తగ్గడం, తిండి తగ్గడం వంటివి. చెప్పింది యజమానులు కనుక వారి దుఃఖమూ అందులో కొంత కలిసి ఉంటుంది. వెంటనే మరో కుక్కను తేవడం కన్నా నడక, తిండి, నిద్ర వేళలను తప్పకుండా నిలపడం మేలు. మూడు రోజులు గడిచినా తిండి ముట్టకపోతే దుఃఖమని ఊరుకోవద్దు.

ఏళ్లుగా కలిసి ఉన్న రెండు కుక్కలు ఒక్కసారిగా కొట్టుకుంటున్నాయి.

రెంటినీ పరీక్ష చేయించండి. దాడి చేసేదానికి నొప్పి ఉండవచ్చు. దాడికి గురయ్యేదానికి జబ్బు చేసి, దాని కదలిక, వాసన మారి ఉండవచ్చు. అంతదాకా విడివిడి గదులు, విడివిడి గిన్నెలు. పోట్లాట మధ్యలో చేయి పెట్టవద్దు. కుర్చీనో అట్టనో అడ్డం పెట్టండి.

వైద్యుడి దగ్గరికి ఏం తీసుకెళ్లాలి? ఏ పరీక్షలు చేస్తారు?

వీడియో తీసుకెళ్లండి. ఆసుపత్రి బల్ల మీద భయంతో బిగుసుకున్న కుక్క ఇంట్లో చేసేది అక్కడ చేయదు. కుంటేది కుంటదు, గుర్రుమనేది ముడుచుకుంటుంది. నడుస్తున్నప్పుడు పక్క నుంచి, వెనక నుంచి తీసినవి, మెట్లెక్కుతున్నప్పుడు తీసినవి, వింతగా ప్రవర్తించినప్పుడు తీసినవి వేర్వేరుగా ఉంచండి. వీడియో కోసం కుక్కను రెచ్చగొట్టవద్దు. మార్పు మొదలైన తేదీ, రోజూ తాగే నీళ్ల కొలత, తిండి, మందుల పేర్లు, టీకాల కాగితం కూడా ఉండాలి. కరుస్తుందన్న భయముంటే ముందుగానే చెప్పండి. ఇంట్లోనే కొద్ది రోజులు తినుబండారాలతో మూతికి చిక్కం అలవాటు చేస్తే పరీక్ష ఇద్దరికీ సాఫీగా సాగుతుంది.

ఒళ్లంతా తడిమి చూడటం, కీళ్లు వంచి చూడటం, నాడీ పరీక్ష, రక్త కణాల లెక్క, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు, మూత్ర పరీక్ష సాధారణంగా మొదట ఉంటాయి. బరువు పెరిగి, జుట్టు పలచబడి, ఎప్పుడూ వెచ్చదనం వెతికే కుక్కకు థైరాయిడ్ చూస్తారు. ఆ తర్వాతే ఎక్స్‌రే, స్కానింగ్, అవసరమైతే మెదడుకు ఎం.ఆర్.ఐ.

పరీక్షలన్నీ మామూలుగా ఉన్నాయన్నారు. అయితే నొప్పి లేనట్టేనా?

కాదు. రక్త పరీక్షలో నొప్పి కనిపించదు. కండరాల నొప్పి ఎక్స్‌రేలోనూ కనిపించదు. అందుకే అనుమానం బలంగా ఉన్నప్పుడు వైద్యులు కుక్కలకు సరిపడే నొప్పి మందును కొన్ని వారాల పాటు ఇచ్చి చూస్తారు. ఆ రోజుల్లో కుక్క మళ్లీ ఆడుకుంటే, గుర్రుమనడం తగ్గితే, మందు ఆపగానే పాత తీరు తిరిగొస్తే జవాబు దొరికినట్టే. ఒకే మందు పని చేయలేదని నొప్పి లేదని తేల్చడం మాత్రం తొందరపాటు. నొప్పి కాదని తేలాకే ప్రవర్తన చికిత్సలో శిక్షణ పొందిన పశువైద్యుడి అవసరం వస్తుంది.

చికిత్స మొదలుపెట్టాక ఎన్నాళ్లకు తేడా కనిపిస్తుంది?

అది కారణాన్ని బట్టి ఉంటుంది. చెవి ఇన్ఫెక్షన్‌కు, మూత్రం ఇన్ఫెక్షన్‌కు రోజుల్లోనే తేడా తెలుస్తుంది. థైరాయిడ్ మందుతో ఒకటి రెండు వారాల్లో చురుకుదనం వస్తుంది, జుట్టు మాత్రం నెలల తర్వాత వస్తుంది. ఆందోళనకు ఇచ్చే ఫ్లూవాక్సెటిన్ పూర్తిగా పని చేయడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మొదటి వారంలో ఆకలి తగ్గి, మత్తుగా ఉండి, మందు పడలేదేమో అనిపించవచ్చు. శారీరక కారణం నయమయ్యాక కూడా కుక్క కొన్నాళ్లు పాత జాగ్రత్తలోనే ఉంటుంది. చెవి నొప్పి తగ్గినా మెడపట్టీ వైపు చేయి వస్తే తల తప్పించుకుంటుంది, ఎందుకంటే దానికి గుర్తున్నది నొప్పే. అప్పుడు పట్టీని తాకకుండా చేయి చూపి ఒక తినుబండారం ఇవ్వాలి, మర్నాడు కొంచెం దగ్గరగా చేయి చూపి మరొకటి ఇవ్వాలి. కుక్క తల వెనక్కి తీసిన రోజున ఒక మెట్టు వెనక్కి రావాలి. ఇలా చేయడానికి చాలా కుక్కలకు కొన్ని వారాలు పడుతుంది.